పిల్లి పడదా, పరుపు పడదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లుల మీదే. ఎందుకో ఊహించొచ్చు. మన నెల్లూరు, ప్రకాశం వైపు అసలు వానలు అక్టోబరు నించి డిసెంబరు దాకా కదా, తలుపులు కిటికీలు మూసుకుని మనుషులంతా లోపల, పిల్లి కూడా లోపల, పరుపులకి చెమ్మ, ఇక తుమ్ములు మొదలు. నేరం ఎవరో ఒకరి మీద పడాలి కాబట్టి మాట రాని దాని మీద పడతా ఉంది. మొదటి ఉత్తరానికి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటున్నా, మిగతా చాలామంది సందేహం కూడా అందులోనే ఉంది.

ప్రశ్న: డాక్టరు గారూ నమస్తే. మాది నెల్లూరు వేదాయపాళెం. మా బాబుకి తొమ్మిదేళ్లు. ఎండాకాలం సెలవలకి అల్లూరులో వాళ్ళ జేజి ఇంటికి పోయి వస్తా వస్తా ఒక పిల్లికూనని తెచ్చుకున్నాడు. అది వాడి కాళ్ళకాడే పడుకుంటది. ఇప్పుడు రెండు నెలల నించి పొద్దున లేస్తానే వరసబెట్టి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళు నలుపుకుని నలుపుకుని ఎర్రగా చేసుకుంటాడు. మా అత్త దాన్ని గోతంలో ఏసి పెన్నా అవతల ఇడిచిపెట్టి రమ్మంటా ఉంది, వీడేమో అన్నం మానేసి ఏడుపు. ఎదురింటామె పిల్లిని చేతికి రుద్ది చూడు, దద్దుర్లొస్తే పడనట్టే అంది. ఆన్‌లైన్లో వెంట్రుకలు పంపిస్తే చెప్తారంట, వేలి మీద రక్తం చుక్క పంపిస్తే చెప్తారంట. ఆసుపత్రికి పోతే ఉన్న టెస్టులన్నీ రాస్తారని మా ఆయన భయం. ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

జవాబు: ముందు ఎదురింటామె సలహా సంగతి. వద్దమ్మా, రుద్దొద్దు. కొంతమంది చర్మం వేలిగోరుతో ఊరికే గీత గీసినా ఉబ్బుతుంది, అట్టాంటి పిల్లాడికి పిల్లిని రుద్దితే లేని అలర్జీ ఉన్నట్టు కనపడుద్ది. ఇంకొకడికి ముక్కుకి, కళ్ళకి పడదు గానీ చేతి మీద ఏమీ రాదు, అప్పుడు ఉన్న అలర్జీ లేనట్టు తేలుద్ది. రెండు పక్కలా తప్పు చెప్పే పరీక్షతో మనకేం పని? పైగా పిల్లాడికి ఛాతీలో పిల్లికూతలు వచ్చే గుణం ఉంటే, పరీక్ష పేరుతో మొహం దగ్గర పెట్టి రుద్దిన సాయంత్రం ఆయాసంతో పరిగెత్తాల్సి వస్తుంది. కూనకి కూడా విసుగొచ్చి గీరిందంటే అదొక కొత్త తంటా, దాని గురించి చివరి జవాబులో చెప్తా.

అసలు పడనిది ఏంటో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. అందరూ పిల్లి బొచ్చు అనుకుంటారు, బొచ్చు కాదు. పిల్లి ఉమ్మిలో, చర్మం కింద నూనె గ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రోటీన్, దాని పేరు ఫెల్ డి 1. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటానే ఉంటుంది కదా, ఆ ఉమ్మి ఆరి పొడిపొడిగా రాలి గాల్లోకి లేస్తుంది, చాలా సన్నగా ఉంటుంది కాబట్టి గంటలు గంటలు గాల్లోనే తేలతా ఉంటుంది, తర్వాత కర్టెన్లకి, దోమతెరకి, స్కూలు బ్యాగుకి, యూనిఫారానికి పట్టుకుంటుంది. మిరపకాయల మిల్లు పక్కన ఆరేసిన బట్టలకి ఘాటు పట్టినట్టన్నమాట. అందుకే పిల్లే లేని ఇళ్ళల్లో కూడా ఇది దొరుకుతుంది, మీవాడి బెంచీలో కూర్చునే పిల్లాడు వాళ్ళింటికి కొంచెం మోసుకుపోతా ఉంటాడు.

దీని వల్ల ఇంకో సంగతి ఏంటంటే, మీ అత్తగారు చెప్పినట్టు పిల్లిని పంపించేసి వారం చూస్తే ఏమీ తేలదు. పిల్లి పోయినా ఆ పొడి ఇంట్లో ఉంటుంది, పిల్లి లేని ఇంటి స్థాయికి తగ్గడానికి నాలుగైదు నెలలు కూడా పట్టొచ్చు. వారానికి తుమ్ములు తగ్గలేదు కాబట్టి పిల్లి కాదు అనుకున్నా తప్పే, వానలు తగ్గి తుమ్ములు తగ్గితే చూశావా పిల్లి పోయినందుకే అనుకున్నా తప్పే. గోతం సంగతి అసలు మర్చిపోండి, ఇంట్లో పెరిగిన కూన ఏటి ఒడ్డున కుక్కల మధ్య బతకదు.

ఇప్పుడు మీ ఉత్తరంలోనే ఉన్న రెండు విషయాలు చూడండి. కూన వచ్చింది ఎండాకాలంలో, తుమ్ములు మొదలైంది రెండు నెలల కింద. మధ్యలో నెలలు నెలలు ఇద్దరూ హాయిగా ఉన్నారు. దీన్నిబట్టి పిల్లిది తప్పు లేదని నేననను, ఎందుకంటే అలర్జీ తయారవడానికి ఒంటికి నెలలు పట్టొచ్చు, కొందరికి ఏళ్ళు పడుతుంది. కానీ తుమ్ములు పట్టుకున్నది చెమ్మ కాలంతో పాటే. రెండోది, పొద్దున లేస్తానే అన్నారు. పొద్దున లేస్తానే వచ్చేదంటే రాత్రంతా ముక్కు దేని మీద పెట్టుకుని పడుకున్నాడో దాన్ని అనుమానించాలి. పిల్లి కాళ్ళకాడ ఉంది నిజమే, తల కింద ఏముంది? బూరుగుదూది దిండేనా, ఎన్నేళ్ళది? దిండ్లలో పరుపుల్లో కంటికి కనపడని సాలీడు జాతి సన్న పురుగులుంటాయి, డస్ట్ మైట్స్ అంటారు, మన ఒంటి మీద రాలే పొట్టు తిని బతుకుతాయి, కుట్టవు కరవవు, వాటి రెట్ట పొడే ముక్కుకి పడదు. వాటికి కావలసింది వెచ్చదనం, చెమ్మ. మన కోస్తాలో రెండింటికీ కరువు లేదు. లక్షణాలు అచ్చం పిల్లి అలర్జీ లాగే ఉంటాయి, చూసి చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. ఇంకా బొద్దింకలు ఉన్నాయి, వంటింటి మూల చెత్తబుట్ట కాడ తిరిగే వాటి పొడి కూడా ఇదే పని చేస్తుంది.

ఇక ఇంట్లో ఏం చెయ్యొచ్చు? ఒక నోటుబుక్ తీసుకోండి, నాలుగు వారాలు రాయండి, అంతే. తుమ్ములు ఎన్నింటికి వచ్చినయ్, అప్పుడు ఏ గదిలో ఉన్నాడు, ఏం చేస్తున్నాడు, దానికి ముందు అరగంటలో పిల్లిని ఎత్తుకున్నాడా, ఆ రాత్రి దోమల చుట్ట వెలిగించారా, సాంబ్రాణి వేశారా, ఇల్లు చిమ్మారా, ఏ మాత్ర వేశారు. దోమల చుట్ట సంగతి ప్రత్యేకంగా చెప్తున్నా ఎందుకంటే ఆ పొగకి అలర్జీ లేని ముక్కు కూడా కారుద్ది. పిల్లి వల్ల అయితే మామూలుగా ఎత్తుకున్న కొద్ది నిమిషాల నించి అరగంట లోపలే కళ్ళ దురద మొదలవుతుంది, పిల్లి నాకిన చోట ఎర్రగా దద్దు లేస్తుంది. సాయంత్రం స్కూలు నించి వచ్చి గంటసేపు కూనతో ఆడి ఒక్క తుమ్మూ తుమ్మని పిల్లాడు, పొద్దున మంచం మీద ఇరవై తుమ్ములు తుమ్మితే నేను ముందు దిండుని పట్టుకుంటా.

నోటుబుక్ రాస్తానే ఒక్క మార్పు చెయ్యండి, ఒక్కటే, అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. పిల్లిని పడకగదిలోకి రానివ్వకుండా, దుప్పట్లు దిండు గలీబులు బాగా వేడి నీళ్ళలో, 60 డిగ్రీల వేడన్నా ఉండాలి, ఉతికి వాడి పక్క మొత్తం కొత్తగా వెయ్యండి అని చెప్పబోయా గానీ అది రెండు మార్పులు. కాబట్టి మొదటి రెండు వారాలు గలీబులు దుప్పట్ల పని, దిండు మార్చడం, పిల్లి ఎక్కడ పడుకునేది అక్కడే. తర్వాత రెండు వారాలు పిల్లిని పడకగది బయట పెట్టి తలుపు వెయ్యండి. ఎండ కాసిన రోజు పరుపు మేడ మీద వెయ్యండి, ఎండకి ఆ పురుగులు తట్టుకోలేవు, కానీ దులిపేది పిల్లాడి చేత దులిపించొద్దు.

ఇంకొకటి, ఊరికి పోయినప్పుడు గమనించడం. పిల్లి లేని చుట్టాలింట్లో, ఒంగోలులోనో తిరపతిలోనో, నాలుగైదు రోజులున్నప్పుడు ఎట్టా ఉన్నాడు అని. పోయేటప్పుడు ఉతికిన బట్టలే తీసుకుపోండి, పిల్లి పడుకునే దుప్పటి వద్దు. అయితే చుట్టాలింట్లోనూ పాత పరుపులుంటాయి కాబట్టి అక్కడ తుమ్మాడా లేదా అనేదాని కంటే, తిరిగొచ్చి ఇంట్లోకి అడుగుపెట్టిన సాయంత్రం ఏమైంది అనేది నాకు ఎక్కువ పనికొస్తుంది. తలుపు తీసి కూనని ఎత్తుకోగానే కళ్ళు ఎర్రబడితే అది గట్టి అనుమానమే.

ఇంత చేసినా అనుమానమే అవుతుంది, రుజువు కాదు. రుజువుకి రెండు పరీక్షలున్నాయి, మీ ఆయనకి చెప్పండి, రెండే. ఒకటి ముంజేతి మీద గుచ్చే పరీక్ష, స్కిన్ ప్రిక్ టెస్ట్. పిల్లి, మైట్స్, బొద్దింక, పుప్పొళ్ళు, ఒక్కోదాని చుక్క వరసగా చర్మం మీద వేసి చిన్న సూదిమొనతో పైపైన గుచ్చుతారు, రక్తం కూడా రాదు. పక్కనే పోల్చుకోడానికి ఉప్పునీళ్ళ చుక్క ఒకటి, చర్మాన్ని ఉబ్బించే హిస్టమిన్ చుక్క ఒకటి వేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో చూస్తారు. ఉప్పునీళ్ళ చోటు కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే ఆ వస్తువుకి ఒళ్ళు స్పందిస్తున్నట్టు. రెండోది రక్త పరీక్ష, ఐజీఈ అంటే అలర్జీలో ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ, పిల్లికి సంబంధించింది ఎంత ఉందో చూసేది, మామూలుగా 0.35 దాటితే పాజిటివ్ అంటారు. ల్యాబులో అడిగేటప్పుడు జాగ్రత్త, 'టోటల్ ఐజీఈ' అని ఒకటుంటుంది, అది కడుపులో నులిపురుగులున్నా పెరుగుద్ది, దాన్నిబట్టి పిల్లి అని చెప్పలేరు. 'క్యాట్ స్పెసిఫిక్ ఐజీఈ' అని అడగండి, డస్ట్ మైట్ కూడా కలిపి అడగండి.

ఆ గుచ్చే పరీక్ష పుట్టింది కూడా ఒక మనిషి తన మీద తాను చేసుకున్న ప్రయోగాల్లోంచే. మాంచెస్టర్‌లో ఛార్లెస్ బ్లాక్లీ అని ఒక డాక్టరు, ఆయనకే ప్రతి వేసవీ తుమ్ములు, తన చర్మం గీరుకుని దాని మీద పుప్పొడి పెట్టుకుని చూసి, 1873లో అచ్చు వేయించాడు. ఆయన డాక్టరు, పెద్దోడు, తన ఒళ్ళే. మన తొమ్మిదేళ్ళవాడి మీద మనం చెయ్యక్కర్లేదు.

ఆన్‌లైన్ సంగతి. వెంట్రుకలతో అలర్జీ తెలీదు, ఆ డబ్బుతో పిల్లాడికి కొత్త దిండు కొనండి. ఐజీజీ అనే వేరే రకం యాంటీబాడీ చూసి ఇవి పడవు అవి పడవు అని పేజీలకి పేజీలు ఇచ్చే కిట్లు కూడా అంతే, అలర్జీ చూడాల్సింది ఐజీఈ. వేలి రక్తంతో నిజంగా ఐజీఈనే కొలిచే కిట్లూ ఉంటాయి గానీ, ఆ కాగితం చూసి నోటుబుక్‌తో పోల్చి చెప్పే మనిషి ఎటూ కావాలి. ఎందుకంటే పరీక్షలో పాజిటివ్ వచ్చి పిల్లితో ఏ ఇబ్బందీ లేకుండా ఉండేవాళ్ళు బోలెడుమంది. కాగితమూ నోటుబుక్కూ ఒకే మాట చెప్తేనే అలర్జీ అనాలి.

మీ నెల్లూరు పొగతోటలో ముక్కు చెవి గొంతు డాక్టర్లకి కొదవ లేదు, పెద్దాసుపత్రిలోనూ చూపించుకోవచ్చు, నోటుబుక్ పట్టుకుని పోండి. ఈలోగా రాత్రుళ్ళు దగ్గు, పిల్లికూతలు, ఆడుకుంటా ఆడుకుంటా ఆగిపోయి ఎగబీల్చడం, వీటిల్లో ఏది ఉన్నా ఈ నాలుగు వారాల లెక్కలన్నీ పక్కనబెట్టి వెంటనే పోవాలి. తేలింది పిల్లే అయినా చీటీ చించినట్టు పంపించేయాల్సిన పని లేదు, పడకగది బయట ఉంచడం, ముక్కులో కొట్టే స్టిరాయిడ్ స్ప్రే, సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్ర, వీటితో చాలామంది సర్దుకుంటారు. మూడు నించి ఐదేళ్ళు ఇచ్చే అలర్జీ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. ఆయాసం గట్టిగా ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం నేనే పిల్లికి వేరే ఇల్లు చూడమంటా. అల్లూరు జేజి ఉండనే ఉంది కదా.

ప్రశ్న: సార్, ఒంగోలు కర్నూలు రోడ్డులో రూములో ఉంటాను, బ్యాచిలర్‌ని. రెండు పిల్లులు పెంచుతున్నా. రోజూ రాత్రి ఒక సెట్రిజిన్ వేసుకుంటేనే నిద్ర. మొన్న స్కిన్ టెస్ట్ చేయించుకుంటే ఒక్కటి కూడా ఉబ్బలేదు, అన్నీ నెగెటివ్. అంటే నాకు పిల్లి పడినట్టేగా?

జవాబు: పడినట్టు కాదు బాబూ, మాత్ర పనిచేసినట్టు. సెట్రిజిన్, లివోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, ఇవన్నీ ఆ ఉబ్బుని ఆపడానికే ఉన్నాయి, అవి వేసుకుని పోయి ఉబ్బలేదంటే ఎట్టా. హిస్టమిన్ చుక్క అని పైన చెప్పా చూడు, అది ప్రతి ఒక్కరికీ ఉబ్బాలి. 'ఒక్కటి కూడా' అన్నావు, అంటే అది కూడా ఉబ్బలేదు, ఆ పరీక్ష చెల్లదు, చేసినవాళ్ళు అక్కడే ఆపి చెప్పాల్సింది. డాక్టరుకి చెప్పి ఈ మాత్రలు వారం రోజులు మానేసి మళ్ళీ చేయించుకో. జలుబు మాత్రల్లో కూడా క్లోర్‌ఫెనిరమిన్ అనే ఇట్టాంటి మందే ఉంటుంది, మెడికల్ షాపులో జలుబుకి ఇవ్వండి అని తెచ్చుకునేవి కూడా ఆ వారం వద్దు. నిద్రకో మనసుకో వాడే కొన్ని మాత్రలూ అడ్డొస్తాయి, అవి మాత్రం నీ అంతట నువ్వు మానొద్దు. ఇన్‌హేలర్ ఉంటే అదీ మానొద్దు. వారం రోజులు మాత్ర లేకుండా ఉండలేను అంటే రక్త పరీక్ష చేయించుకో, దానికి ఏ మాత్రా అడ్డం రాదు. మళ్ళీ ఇంకో సంగతి, రోజూ మాత్ర వేసుకుంటే గానీ నిద్ర రానివాడికి ముక్కు స్ప్రే మొదలుపెట్టాల్సిన టైమ్ ఎప్పుడో వచ్చింది.

ప్రశ్న: మాది కందుకూరు. మా పాపకి మోచేతి మీద గుండ్రంగా ఎర్రగా లేచింది, అంచు పొట్టు రాలతా ఉంది, ఒకటే దురద. రోజూ ఒళ్ళో పిల్లిని పడుకోబెట్టుకుంటది. పిల్లి అలర్జీ అని మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, రాస్తే తగ్గుద్ది, మానేస్తే ఇంకా పెద్దదిగా వస్తుంది. ఏ టెస్టు చేయించాలి?

జవాబు: మీరు రాసింది రాసినట్టు ఉంటే అది అలర్జీ కాకపోవచ్చమ్మా, తామర. పిల్లి నించే వచ్చి ఉండొచ్చు గానీ అది ఫంగస్, అలర్జీ కాదు. మధ్యలో కొంచెం మానినట్టు, అంచు మాత్రం ఎర్రగా పొట్టుతో పాక్కుంటా పోవడం దాని లక్షణం. మీకిచ్చిన ట్యూబులో స్టిరాయిడ్ ఉండే ఉంటుంది, 'రాస్తే తగ్గుద్ది మానేస్తే పెద్దదవుద్ది' అనే మాట విన్నానంటే నాకు ఆ ట్యూబు రంగు కూడా కనపడుద్ది. స్టిరాయిడ్ దురదని తొక్కిపెడుతుంది, లోపల ఫంగస్ పండగ చేసుకుంటుంది. ఆపేసి చర్మం డాక్టరుకి చూపించండి, అంచు మీద కొంచెం పొట్టు గీకి ఒక రసాయనం చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు, పెద్ద ఖర్చున్న పని కాదు. కూన చెవుల వెనక, మొహం మీద బొచ్చు ఊడి గుండ్రంగా మచ్చలున్నాయేమో చూడండి, ఉంటే పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి, పాపకి తగ్గి పిల్లికి ఉంటే మళ్ళీ పాపకే వస్తుంది. ఇంట్లో మిగతావాళ్ళకి కాళ్ళ మడమల దగ్గర చిన్న చిన్న గుల్లలు రెండు మూడు వరసగా లేస్తా ఉంటే అది ఇంకోటి, పిల్లి మీద ఫ్లీస్ అనే రెక్కల్లేని గెంతే పురుగులు పట్టినయ్యన్నమాట, తెల్ల గుడ్డ మీద పిల్లిని నిలబెట్టి దువ్వండి, నల్ల నలకలు రాలి, తడిపితే ఎర్రగా మారితే అవే.

ప్రశ్న: తోటపల్లి గూడూరు నించి రాస్తున్నానండి, రొయ్యల గుంటలు మావి. రొయ్యలు తింటే పెదాలు, నాలుక జిల పెడతాయి. ఇంట్లో తుమ్ములు కూడా ఉన్నాయని పిల్లి వల్లేమో అని రక్తం ఇస్తే, పిల్లి నెగెటివ్, డస్ట్ మైట్ పాజిటివ్, రొయ్య పాజిటివ్, బొద్దింక పాజిటివ్ వచ్చింది. ల్యాబువాళ్ళు కలిపేశారా? ఒకసారి నాలుగు రొయ్యలు తిని చూద్దామనుకుంటున్నా.

జవాబు: ల్యాబువాళ్ళు కలపలేదండీ, పుట్టించిన దేవుడే కలిపాడు. రొయ్య, బొద్దింక, పరుపులో మైట్, మూడూ ఒక వంశం, కీళ్ళ కాళ్ళ జీవులు. వాటి కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఒకదానిదొకటి పోలి ఉంటుంది, ఒకదాని మీద ఎదురు తిరగడం అలవాటైన ఒళ్ళు మిగతావాటిని చూసి కూడా ఎగురుతుంది. అందుకే తుమ్ములకి మైట్, నోటి జిలకి రొయ్య, కాగితం అతికినట్టే ఉంది, మీ పిల్లికి నిర్దోషి అని రాసిచ్చేయొచ్చు. చేపలు వేరు, చేపల పులుసు ఇన్నాళ్ళు ఇబ్బంది లేకుండా తింటున్నట్టయితే దీని వల్ల మానక్కర్లేదు. కానీ నాలుగు రొయ్యలు తిని చూద్దాం అనే పరీక్ష మాత్రం ఇంట్లో చెయ్యొద్దు, ఈ పేజీలో ఉన్న పరీక్షలన్నిటిలో ప్రమాదమైంది ఇదే. పోయినసారి జిలతో పోయింది కదా అని ఈసారీ అంతటితో పోతుందని లేదు. గొంతు బిగుసుకోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, కళ్ళు తిరగడం వస్తే అది ప్రాణం మీదకొచ్చే రియాక్షన్, తొడలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి, సెట్రిజిన్ మింగి కూర్చుంటే సరిపోదు. తిని చూసే పరీక్ష ఆసుపత్రిలో మందులు పక్కన పెట్టుకుని, కొంచెం కొంచెం పెంచుతా చేస్తారు. గుంటల మీద పనిచేసేటప్పుడు, ముఖ్యంగా రొయ్యలు ఉడికించే చోట, ఆవిరికి కూడా దగ్గొస్తే డాక్టరుకి ఆ మాట కూడా చెప్పండి.

ప్రశ్న: మార్కాపురం నించి. మా ఆయనకి పిల్లి దగ్గరికొస్తే తుమ్ములు. బొచ్చు తక్కువున్న పిల్లో, పర్షియన్ పిల్లో అయితే అలర్జీ రాదంట, హైదరాబాదులో అమ్ముతున్నారు. డబ్బు పెట్టి తెచ్చాక పడకపోతే? ముందే తెలుసుకోవడం ఎట్లా?

జవాబు: అలర్జీ రాని జాతి అని ఏదీ లేదమ్మా. పొడుగు బొచ్చు, పొట్టి బొచ్చు, అసలు బొచ్చే లేనిది, అన్నీ ఆ ప్రోటీన్ తయారుచేస్తాయి. ఒక్కో పిల్లి ఒక్కో మోతాదులో చేస్తుంది, జాతిని బట్టి చెప్పలేం. విత్తు కొట్టని మగపిల్లి ఎక్కువ చేస్తుంది, ఆపరేషన్ అయ్యాక తగ్గుతుంది. కొనే ముందు ఒకటే దారి, ఆ పిల్లి ఉన్న ఇంటికే మీ ఆయన పోయి గంట సేపు కూర్చోవాలి, మామూలుగా ఆడించాలి, రెండు మూడుసార్లు వేరే వేరే రోజుల్లో, మాత్ర వేసుకోకుండా. ఆయనకి ఆయాసం ఉంటే ఇది కూడా డాక్టరుని అడిగాకే. అక్కడ కళ్ళు దురద పెడితే బేరం ఆపేయండి, ఏమీ రాకపోయినా రేపు రాదని గ్యారంటీ ఏం లేదు. కూనగా ఉన్నప్పుడు తక్కువ, పెద్దయ్యాక ఎక్కువ అయ్యే అవకాశమూ ఉంది కాబట్టి వీలైతే పెద్ద పిల్లితో చూడండి. ఉత్తరం చివర్లో మీకు మూడో నెల అని రాశారు, దానికి అలర్జీతో సంబంధం లేదు గానీ ఒక మాట, ఏ పిల్లి తెచ్చినా దాని దొడ్డికి వాడే ఇసక ట్రే మీరు ముట్టుకోవద్దు, రోజూ మీ ఆయన చేత ఎత్తించండి, తుమ్ములొచ్చినా సరే, మాస్కు పెట్టుకుని. టాక్సోప్లాస్మా అనే క్రిమి దాన్నించి రావచ్చు, కడుపులో బిడ్డకి మంచిది కాదు.

ప్రశ్న: చీమకుర్తి. ఈధి పిల్లి ఒకటి అన్నం పెడుతుంటే చెయ్యి గీరింది, రక్తం వచ్చింది. చుట్టూ వాచి ఎర్రగా ఉంది. ఇది అలర్జీనా, ఇంట్లో ఎట్లా తెలుసుకోవాలి?

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి చెప్పేశాం, పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి. మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. పిల్లి గీరి రక్తం వస్తే అలర్జీ గురించి ఆలోచించొద్దు, రేబీస్ గురించి ఆలోచించాలి. కుక్కకే కాదు పిల్లికీ ఉంటుంది. వెంటనే పంపు కింద సబ్బు పెట్టి పావుగంట కడగాలి, పసుపూ సున్నం కారం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితం, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి. పిల్లి కనపడతా ఉంటే 10 రోజులు దాని మీద కన్నేసి ఉంచండి, కానీ ఆ 10 రోజులు అయ్యాక చూద్దాంలే అని మొదటి డోసు మాత్రం ఆపొద్దు. వాపు ఎక్కువవుతా జ్వరం వచ్చినా, చంకలో బిళ్ళ కట్టినా యాంటీబయాటిక్ కావాలి, మళ్ళీ చూపించుకోండి.